శ్రీకాకుళం, విజయనగరం చిత్రకారులు తమ బొమ్మల్ని ఆన్‌లైన్‌లో పదిమందికీ చేర్చడం ఎలా?

కళింగపట్నం లైట్‌హౌస్‌ని నీటిరంగుల్లో చక్కగా వేశారు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద నేలమీద పెట్టి ఫోన్‌తో ఒక ఫొటో కొట్టి, ‘నా కొత్త పెయింటింగ్’ అని రాసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. ఫొటోలో తెల్ల కాగితం కాస్త ఆకుపచ్చగా వచ్చింది, ఒక మూల మీ తల నీడ పడింది, లైట్‌హౌస్ పక్కకి ఒరిగింది. చూసినవాళ్లకి అది ఏ ఊరో, ఎంత సైజో, అమ్ముతారో లేదో తెలియలేదు. స్నేహితులు ‘సూపర్’ అన్నారు, అంతటితో సరి. మన రెండు జిల్లాల్లో ఎన్నో మంచి బొమ్మలు ఇలాగే మూలన పడుతున్నాయి. బొమ్మలో ఏ లోపమూ ఉండదు. దూరాన ఉన్న మనిషికి బొమ్మ అందేది ఫొటో ద్వారా, దాని కింద రాసిన నాలుగు ముక్కల ద్వారా మాత్రమే. ఆ రెండూ బాగుంటే ఏ యాప్‌లో పెట్టినా పని జరుగుతుంది. అవి బాగోకపోతే ప్రకటనలకి డబ్బు పోసినా ఫలితం ఉండదు. అందుకే ముందు ఫొటో సంగతి చూద్దాం, దాని గురించే ఎక్కువ చెప్పుకుందాం.

ఫొటో: వెలుతురు

ఫ్రేమ్ కట్టించకముందే, వార్నిష్ పూయకముందే ఫొటో తీసుకోవాలి. అద్దం బిగించాక తీస్తే కిటికీ, ఫోను, మీ చొక్కా అన్నీ బొమ్మలో కనిపిస్తాయి. మెరిసే వార్నిష్ కూడా అదే పని చేస్తుంది, ముదురు రంగుల మీద తెల్లటి మచ్చలు తెస్తుంది.

ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య, నేరుగా ఎండ పడని వరండా మంచి చోటు. వరండా ఉత్తరం వైపు ఉంటే దాదాపు రోజంతా వెలుతురు నిలకడగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు ఇంకా మేలు. మబ్బు ఎండని అన్ని వైపులకీ పరుస్తుంది కాబట్టి గట్టి నీడలు పడవు. వాన పడుతుండగా మాత్రం కాగితం మీద వేసిన బొమ్మని బయటికి తేవద్దు. గాలిలో తేమ పీల్చి కాగితం అలలు తిరుగుతుంది, ఆ అలల నీడ ఫొటోలో చారలుగా పడుతుంది.

చుట్టూ ఉన్న రంగులనీ గమనించండి. నీలం టార్పాలిన్ కిందా, ఆకుపచ్చ షేడ్‌నెట్ కిందా తీస్తే ఆ రంగు బొమ్మ మీదికి దిగుతుంది. ఎదురుగా గులాబీ రంగో పసుపు రంగో గోడ ఉన్నా అంతే. మీరు వేసుకున్న ఎర్ర చొక్కా కూడా తెల్ల కాగితం మీద లేత ఎరుపు తెస్తుంది. ఫొటో తీసే రోజున బూడిద రంగు బట్టలు వేసుకోండి.

పగలు కుదరనివాళ్లు రెండు ఒకే రకం ఎల్‌ఈడీ దీపాలు కొనుక్కోవాలి. వెలుతురు రంగు 5000 నుంచి 5500 కెల్విన్, రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్‌ఐ 90 పైన అని డబ్బా మీద చూసి తీసుకోండి. బొమ్మకి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండూ 45 డిగ్రీల కోణంలో, సమాన దూరంలో పెట్టాలి. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేసి కిటికీ తెర వేసేయాలి. కిటికీ వెలుతురు నీలంగా, ఇంట్లో బల్బు పసుపుగా ఉంటాయి. రెండూ కలిస్తే బొమ్మ సగం ఒక రంగు, సగం ఇంకో రంగు అవుతుంది. దాన్ని ఏ ఎడిటింగ్ యాప్‌లోనూ పూర్తిగా సరిచేయలేరు.

ఫొటో: ఫోను పట్టుకునే తీరు

12×16 అంగుళాల బొమ్మ ఉందనుకుందాం. దాన్ని ప్లైవుడ్ చెక్కకి క్లిప్పులతో బిగించి, గోడకి నిటారుగా నిలబెట్టండి. చెక్క గోడకి ఏటవాలుగా ఆనిందంటే ఫోన్‌ని కూడా అంతే వాల్చాలి. లేకపోతే బొమ్మ పై అంచు కురచగా, కింది అంచు పొడవుగా వస్తుంది. లైట్‌హౌస్‌లూ గాలిగోపురాలూ ఒరిగిపోయేది ఇక్కడే. ఫోన్ లెన్స్ సరిగ్గా బొమ్మ నడిమధ్య ఎత్తులో ఉండాలి. ట్రైపాడ్ లేకపోతే స్టూలు మీద పుస్తకాలు పేర్చి, దానికి ఫోన్ ఆనించండి.

దగ్గరికి వెళ్లి తీయడం అందరూ చేసే పొరపాటు. దగ్గర నుంచి తీస్తే, అందులోనూ వైడ్ లెన్స్‌తో తీస్తే, అంచులు బయటికి ఉబ్బుతాయి. ఐదారు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ లెన్స్‌తో తీయండి. మీ ఫోన్‌లో 2ఎక్స్ లెన్స్ విడిగా లేకపోతే 1ఎక్స్‌తోనే మూడు నాలుగు అడుగుల నుంచి తీసి, చుట్టూ మిగిలింది తర్వాత కత్తిరించుకోండి. తెరని వేళ్లతో లాగి జూమ్ చేస్తే బ్రష్ గీతలు అలుక్కుపోతాయి.

సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు ఆన్ చేసి, బొమ్మ అంచులు వాటికి సమాంతరంగా ఉండేలా చూసుకోండి. ఫ్లాష్ ఆపేయండి. ఫిల్టర్లు, ఏఐ పేరుతో రంగులు పెంచే సదుపాయాలు కూడా ఆపేయండి. అవి ఆకాశాన్ని మీరు వేయనంత నీలంగా చేస్తాయి. కొన్నవాళ్లు పార్శిల్ విప్పి ‘ఫొటోలో ఇలా లేదే’ అంటే మాట పోయేది మీదే. మూడు సెకన్ల టైమర్ పెట్టి తీస్తే చేతి కుదుపు ఉండదు.

తెల్ల కాగితం ఎక్కువగా కనిపించే బొమ్మ అయితే వెలుతురు మరీ ఎక్కువైందని ఫోను లెక్కేసి, ఫొటోని మసకగా తీస్తుంది. అందుకే నీటిరంగుల బొమ్మల ఫొటోల్లో కాగితం బూడిద రంగులో వస్తుంటుంది. తెర మీద వేలు కాసేపు నొక్కి ఫోకస్ లాక్ చేసి, సూర్యుడి గుర్తుని కొద్దిగా పైకి జరపండి. అంకెలు చూపించే ఫోన్ అయితే +0.3 నుంచి +0.7 చాలు. ముదురు రంగులు నిండిన కాన్వాస్‌కి దీనికి ఉల్టా, కొద్దిగా కిందికి జరపాలి.

బొమ్మ పక్కన ఒక తెల్ల ఏ4 కాగితం ముక్క కూడా ఫ్రేములో పడేలా పెట్టండి. తర్వాత స్నాప్‌సీడ్‌లోనో లైట్‌రూమ్‌లోనో వైట్ బ్యాలెన్స్ తెరిచి, డ్రాపర్‌తో ఆ ముక్క మీద నొక్కితే రంగులు చాలావరకు దారికొస్తాయి. మిగిలిన తేడా మీ కంటితో సరిచేయాలి. ఫోన్‌లో ఐ కంఫర్ట్ మోడ్ ఆన్‌లో ఉంటే తెర పసుపుగా కనిపిస్తుంది. అది చూసి మీరు నీలం పెంచితే అవతలివాళ్ల ఫోన్‌లో బొమ్మ నీలంగా పోతుంది. ఆ మోడ్ ఆపేసి, తెర వెలుగు సగానికి పెట్టి, అసలు బొమ్మని పక్కనే ఉంచుకుని పోల్చుతూ సరిచేయండి.

ఒక్కో బొమ్మకి కనీసం నాలుగు ఫొటోలు కావాలి: మొత్తం బొమ్మ ఒకటి, బ్రష్ పనితనం కనిపించేలా దగ్గర నుంచి ఒకటి, సంతకం ఒకటి, ఎవరైనా చేత్తో పట్టుకున్నదో గోడకి వేలాడుతున్నదో ఒకటి. ఈ నాలుగోది చాలామంది మానేస్తారు. సైజు అంకెల్లో రాసినా కళ్లకి కట్టదు. మనిషి చేతిలో చూస్తేనే ఇది మా హాల్లో గోడకి సరిపోతుందా అన్నది తేలుతుంది.

ఫైళ్లు

అసలు ఫొటోని అలాగే ఉంచి, కాపీ మీదే మార్పులు చేయండి. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే 4000×3000 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల (300 డీపీఐ) లెక్కన అది సుమారు 13×10 అంగుళాల ప్రింటుకి సరిపోతుంది. ఏ3 ప్రింటుకి 3508×4961 పిక్సెళ్లు కావాలి కాబట్టి ఆ ఫొటో చాలదు. ప్రింట్లు అమ్మాలనుకుంటే బొమ్మని స్కాన్ చేయించుకోవాలి. ఫైలు పేరులో ఏడాది, ఊరు, సైజు, మాధ్యమం వచ్చేలా రాసుకుంటే, రెండేళ్ల తర్వాత ఎవరో అడిగినప్పుడు గ్యాలరీ అంతా తవ్వుకోనక్కర్లేదు. ఫోన్ పోయినా బొమ్మలు మిగిలేలా గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచండి, 15 జీబీ దాకా ఉచితం.

పోస్టు చేసే కాపీ వెడల్పు 1080 పిక్సెళ్లు ఉంటే చాలు. నిలువు బొమ్మకి 1080×1350, రీల్‌కి 1080×1920. కలర్ ప్రొఫైల్ (ఫైల్లో రంగుల్ని నమోదు చేసే పద్ధతి) ఎస్‌ఆర్‌జీబీ ఉండాలి, లేకపోతే కొన్ని ఫోన్లలో రంగులు పాలిపోతాయి. ప్రొఫైల్ గ్రిడ్‌లో ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు 3:4 కొలతలో చూపిస్తోంది. అడ్డం బొమ్మలు ఆ గళ్లలో ఇరుపక్కలా తెగిపోతాయి. వాటి చుట్టూ తెల్ల అంచు కలిపి నిలువు చట్రంలో పెట్టండి.

నడిమధ్య పెద్ద వాటర్‌మార్క్ వేసి బొమ్మని పాడుచేసుకోవద్దు. దొంగతనం గురించి బెంగ ఉంటే చిన్న సైజులో పెట్టడమే సరైన కాపలా. 1080 పిక్సెళ్ల వెడల్పు 300 డీపీఐలో సుమారు మూడున్నర అంగుళాలే వస్తుంది. పూర్తి సైజు ఫైలు మాత్రం ఎవరికీ ఊరికే పంపకండి.

పేరు, ఊరు

వడ్డాది పాపయ్య (1921–1992) శ్రీకాకుళంలో పుట్టారు. పత్రిక ముఖచిత్రం మూల ‘వపా’ అన్న రెండక్షరాలు కనిపిస్తే చాలు, తెలుగునాట ఎవరి బొమ్మో తెలిసిపోయేది. ఆన్‌లైన్‌లో మీకు కావాల్సిందీ అదే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేరు, ఫేస్‌బుక్‌లో ఇంకోటి, బొమ్మ మీద సంతకం మరోటి ఉంటే చూసినవాళ్లు వెతికినా మీరు దొరకరు. ఒకే పేరు అన్నిచోట్లా పెట్టండి. యూజర్‌నేమ్‌లో అంకెలూ, వరుస అండర్‌స్కోర్లూ వద్దు. ఫోన్‌లో ఒకసారి చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా కొట్టగలగాలి.

ఇన్‌స్టాగ్రామ్ ఖాతాని ప్రొఫెషనల్‌గా మార్చుకుంటే ఎంతమంది చూశారో, ఎంతమంది దాచుకున్నారో లెక్కలు కనిపిస్తాయి. అందులో ‘క్రియేటర్’ రకం ఎంచుకోండి, ‘బిజినెస్’ రకంలో సినిమా పాటలు చాలావరకు వాడుకోనివ్వరు. యూజర్‌నేమ్ కాకుండా పేరు అని విడిగా ఒక గడి ఉంటుంది. అందులో మీ పేరుతోపాటు ‘చిత్రకారిణి, విజయనగరం’ అనో ‘పోర్ట్రెయిట్స్, శ్రీకాకుళం’ అనో చేర్చండి. వెతికేవాళ్లకి ఆ గడిలో ఉన్న మాటలతో దొరుకుతారు. బయోకి 150 అక్షరాలే ఇస్తారు. కొటేషన్లకి చోటు లేదు. ఏం వేస్తారు, ఏ ఊళ్లో ఉంటారు, ఆర్డర్లు తీసుకుంటారా, వాట్సాప్ లింకు: ఇవి రాస్తే అయిపోయింది.

ఊరి పేరు దగ్గర చాలామంది జంకుతారు. శ్రీకాకుళం అంటే ఎవరికి తెలుస్తుందని వైజాగ్ అని పెట్టేస్తారు. ఇది మనకి మనం చేసుకునే నష్టం. వైజాగ్ బీచ్ బొమ్మలు లెక్కకి మించి ఉన్నాయి, వాటిలో మీది కలిసిపోతుంది. శాలిహుండం కొండ, విజయనగరం గంటస్తంభం, తేలినీలాపురం గూడబాతులు, నాగావళి రేవు బొమ్మలు వెతికితే దొరికేవి కొద్ది. ఇంకో సంగతీ ఉంది. సిక్కోలు మనిషి లేని ఊరు లేదు. హైదరాబాద్, చెన్నై, గల్ఫ్, అమెరికా ఎక్కడున్నా సొంతూరి గుడి గోపురాన్నో, చెరువుగట్టునో గోడమీద పెట్టుకోవాలనుకునేవాళ్లు మీ మొదటి కొనుగోలుదారులు. వాళ్లు వెతికేది ఊరి పేరుతోనే. లొకేషన్ ట్యాగ్‌లో, కాప్షన్‌లో, ఫొటోలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ టెక్స్ట్‌లో ఊరి పేరు తప్పక ఉండాలి. 2025 జూలై నుంచి ప్రొఫెషనల్ ఖాతాల పబ్లిక్ పోస్టులు గూగుల్ వెతుకులాటలోనూ కనిపించే వీలొచ్చింది కాబట్టి ఆ మాటలకి విలువ ఇంకా పెరిగింది.

బొమ్మ కింద రాయాల్సింది

కాప్షన్‌లో తెరవకుండా కనిపించేది మొదటి 125 అక్షరాలు, అంటే ఒకటిన్నర వాక్యం. ‘అందరికీ నమస్కారం, చాలా రోజుల తర్వాత’ అని మొదలుపెడితే ఆ చోటంతా వృథా. ఇలా రాయండి:

‘వంశధార సముద్రంలో కలిసేచోట, కళింగపట్నం. వాటర్‌కలర్, 12×16 అంగుళాలు. 300 జీఎస్‌ఎం కాటన్ కాగితం, 2025. ఫ్రేమ్ లేకుండా రూ.3,500, పార్శిల్ ఖర్చు విడిగా. ఒక్కటే ఉంది. కావాల్సినవాళ్లు బయోలో ఉన్న వాట్సాప్ లింకు నొక్కండి.’

దాని కింద ఆ చోటు గురించి, వేసేటప్పుడు ఎదురైన చిక్కు గురించి రెండు మూడు వాక్యాలు రాయండి: తడి ఇసుక మీద ఆకాశం మెరుపుకి కాగితం తెలుపునే వదిలేశారనో, లైట్‌హౌస్ ఎరుపు పక్కనున్న నీటిలోకి పారకుండా ఆరేదాకా ఆగారనో. ఇలాంటి పని మాటలు సాటి చిత్రకారుల్నీ, నేర్చుకునే పిల్లల్నీ మీ దగ్గర నిలుపుతాయి. తెలుగులో రాశాక కింద రెండు వాక్యాలు ఇంగ్లిష్‌లో చేర్చండి. రాష్ట్రం దాటి కొనేవాళ్లకి అది చాలు. హ్యాష్‌ట్యాగులు మూడు నుంచి ఐదు: ఊరు, మాధ్యమం, బొమ్మలో ఉన్నది. బొమ్మతో సంబంధం లేని ట్యాగులు పెడితే సంబంధం లేని జనమే వస్తారు.

ధర రాయడానికి మొహమాటపడి ‘డీఎం చేయండి’ అని పెడతారు. అడగడానికి వాళ్లూ మొహమాటపడతారు, బేరం అక్కడే ఆగిపోతుంది. ధర రాసేయడమే మంచిది. లెక్క ఎలా కట్టాలో తేలకపోతే చదరపు అంగుళానికి ఒక రేటు పెట్టుకోండి. పొడవు, వెడల్పు గుణించి ఆ రేటుతో హెచ్చవేయాలి. 12×16 అంటే 192 చదరపు అంగుళాలు. రూ.18 చొప్పున రూ.3,456, రూ.3,500 అనుకుందాం. ఫ్రేమ్, పార్శిల్ ఖర్చులు దీని మీద అదనం. రేటు మీ అనుభవాన్ని బట్టి, సామాను ఖర్చుని బట్టి మారుతుంది, కానీ ఒకే సైజు బొమ్మని ఒకరికి రెండు వేలకీ ఇంకొకరికి ఐదు వేలకీ ఇస్తే ఆ ఇద్దరూ ఏదో రోజు మాట్లాడుకుంటారు. అమ్ముడైన బొమ్మ పోస్టుని తీసేయకండి. ‘అమ్ముడైంది’ అని కాప్షన్‌లో చేర్చి ఉంచితే మీ బొమ్మలు కొనేవాళ్లున్నారని కొత్తవాళ్లకి తెలుస్తుంది.

సవర చిత్రాల పద్ధతిలో బొమ్మలు వేసేవాళ్లకి ఒక మాట. సీతంపేట కొండల్లో సవర గిరిజనులు గోడల మీద వేసే ఆ బొమ్మలు వాళ్ల పూజలతో, పంటలతో ముడిపడినవి. మీరు సవరలు కాకపోతే ‘సవర చిత్రకళ ప్రేరణతో’ అని స్పష్టంగా రాయండి. ఎవరి దగ్గరైనా నేర్చుకుంటే వాళ్ల అనుమతితో పేరు రాయండి. పేరు దాచి అమ్ముకోవడం వాళ్ల నోటి దగ్గరి కూడు లాక్కోవడమే. బుడితి కంచు పనినో, పొందూరు ఖాదీ వడికేవాళ్లనో బొమ్మ వేసినప్పుడూ అంతే: వాళ్లని అడిగి వేయండి, ఊరి పేరు రాయండి.

ఎప్పుడు, ఏం పెట్టాలి

వారానికి రెండు పోస్టులు ఏడాది పొడవునా పెట్టగలిగితే చాలు. ఒక వారం రోజుకి మూడు పెట్టి, తర్వాత రెండు నెలలు మాయమైతే యాప్ కూడా మిమ్మల్ని మర్చిపోతుంది. నెలలో ఒక ఉదయం కూర్చుని ఫొటోలన్నీ ఒకేసారి తీసి, కాప్షన్లు రాసి పెట్టుకుంటే మిగతా రోజులు బొమ్మలకే మిగులుతాయి.

మన దగ్గర ఏడాదంతా పండుగలే కాబట్టి ముందే లెక్క వేసుకోవచ్చు. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. ఆ రోజు ఊరంతా ఫొటోలే, మీ బొమ్మని చూసే తీరిక ఎవరికీ ఉండదు. మూడు వారాల ముందు స్కెచ్ పెట్టండి, రెండు వారాల ముందు రంగులు వేస్తున్న వీడియో, వారం ముందు పూర్తయిన బొమ్మ. ఆర్డర్ ఇచ్చినవాళ్లకి పండుగ లోపు పార్శిల్ చేరే సమయం అప్పుడే ఉంటుంది. అరసవల్లి రథసప్తమికీ ఇదే వరుస. తేలినీలాపురానికి సెప్టెంబర్ నుంచి మార్చి దాకా పక్షులు ఉంటాయి కాబట్టి ఆ బొమ్మలు ఆ నెలల్లో పెడితే చూసొచ్చినవాళ్లు పంచుకుంటారు. పెళ్లిళ్ల ముహూర్తాలు మొదలయ్యే ముందు పోర్ట్రెయిట్ ఆర్డర్ల గురించి ఒక పోస్టు పెట్టాలి. పెన్సిల్ పోర్ట్రెయిట్‌కి ఎన్ని రోజులు పడుతుందో అందులో రాయాలి, లేకపోతే పెళ్లికి రెండు రోజుల ముందు ఫోన్ చేస్తారు.

వీడియోలు జనాన్ని ఎక్కువగా తెస్తాయి, అయితే ఇరవై నుంచి నలభై సెకన్లు దాటనివ్వకండి. మొదటి రెండు సెకన్లలోనే పూర్తయిన బొమ్మనో, అందులో బాగా ఆకట్టుకునే ఘట్టాన్నో చూపించి, తర్వాత మొదటి నుంచి రావాలి. తెల్ల కాగితంతో మొదలైన వీడియోని జనం వేలితో నెట్టేస్తారు. ఫోన్‌ని బొమ్మకి పైన స్టాండ్‌కి బిగించి, చార్జింగ్‌లో పెట్టి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి టైమ్‌లాప్స్ తీయండి. మధ్యలో ఫోన్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. సీలింగ్ ఫ్యాన్ గాలికి స్టాండ్ సన్నగా ఊగితే వీడియో మొత్తం వణుకుతుంది, ఫ్యాన్ ఆపాల్సిందే. కుడిచేత్తో వేసేవాళ్లు దీపం ఎడమవైపు పెడితే చేతి నీడ బొమ్మ మీద పడదు. పాటకి బదులు మీ గొంతుతో, మన యాసలోనే, ఏం చేస్తున్నారో చెప్పండి. పాటలు వస్తాయి పోతాయి, మీ గొంతు మీకే ఉంటుంది.

అదే వీడియోని యూట్యూబ్ షార్ట్స్‌లోనూ ఫేస్‌బుక్ పేజీలోనూ పెట్టండి. కాస్త వయసు పైబడిన తెలుగువాళ్లు, ఊరి గ్రూపులు ఇంకా ఫేస్‌బుక్‌లోనే ఉన్నాయి. పింటరెస్ట్‌లో నిలువు ఫొటోలు 1000×1500 కొలతలో పెడితే అవి నెలల తరబడి వెతుకులాటలో తిరుగుతూనే ఉంటాయి.

లైకులు లెక్కపెట్టుకుని దిగులు పడొద్దు. ఇన్‌సైట్స్‌లో ‘సేవ్’లు, ‘షేర్’లు చూడండి. దాచుకున్నవాళ్లు కొనాలనుకుంటున్నవాళ్లు, పంచినవాళ్లు మీ తరఫున ప్రచారం చేస్తున్నవాళ్లు. ఆ రెండూ ఎక్కువ తెచ్చిన బొమ్మల్లాంటివే ఇంకొన్ని వేయండి.

వాట్సాప్

చూడటం ఇన్‌స్టాగ్రామ్‌లో, కొనడం వాట్సాప్‌లో: మన దగ్గర జరిగే తీరు ఇది. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. వీలైతే విడిగా ఒక నంబరు తీసుకుని అందులో పెట్టండి. కేటలాగ్‌లో 500 బొమ్మల దాకా పెట్టొచ్చు. ఒక్కోదానికీ ఫొటో, పేరు, సైజు, ధర రాసి ఉంచితే ‘బాబూ, మీ దగ్గర ఏటేటి ఉన్నాయి?’ అని అడిగినవాళ్లకి ఒక్క లింకు పంపితే సరిపోతుంది. అమ్ముడైనవాటిని ఆ రోజే కేటలాగ్‌లోంచి దాచేయండి.

తరచుగా వచ్చే ప్రశ్నలకి క్విక్ రిప్లైలు రాసుకోండి. ఆర్డర్ బొమ్మల గురించి అడిగినప్పుడు ఇలా: ‘నమస్కారం అండి. ఏ3 సైజు పెన్సిల్ పోర్ట్రెయిట్ రూ.2,500, పది రోజులు పడుతుంది. ముఖం స్పష్టంగా ఉన్న ఫొటో డాక్యుమెంట్ రూపంలో పంపండి. సగం అడ్వాన్స్ అందాక మొదలుపెడతాం. స్కెచ్ దశలో ఒకసారి చూపిస్తాం, మార్పులు అప్పుడే చెప్పాలి.’ చివరి వాక్యం తప్పనిసరి. బొమ్మ పూర్తయ్యాక ‘మీసం కొంచెం తగ్గించండి’ అన్న మాట అందరికీ ఎదురవుతుంది. డాక్యుమెంట్ రూపంలో పంపమనడానికీ కారణం ఉంది: మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని కుదించేస్తుంది, కనురెప్పలు కూడా కనిపించవు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చొచ్చు, అయితే మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. అందుకే ప్రతి కొనుగోలుదారునీ నంబర్ సేవ్ చేసుకోమని అడగాలి. అడగకుండా జనాన్ని గ్రూపుల్లో చేర్చొద్దు. విసిగి రిపోర్ట్ కొడితే నంబరే పోతుంది. మీ వాట్సాప్ క్యూఆర్ కోడ్‌ని స్టిక్కర్లుగా ప్రింట్ చేయించి ప్రతి బొమ్మ వెనక అంటించండి. మీరు ఫ్రేములు కట్టించే షాపులో అడిగి ఒక చిన్న బొమ్మ, పక్కన ఆ కోడ్ పెట్టించండి. ఆ షాపుకి వచ్చేవాళ్లంతా గోడకి ఏదో ఒకటి తగిలించాలనుకునేవాళ్లే.

హక్కులు, మోసాలు

బొమ్మ వేసిన క్షణం నుంచే దాని కాపీరైట్ మీది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే ఒక మెలిక ఉంది. డబ్బు తీసుకుని ఒకరు అడిగిన మీదట వేసిన పెయింటింగుకీ, పోర్ట్రెయిట్‌కీ, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ ఆ వేయించుకున్నవాళ్లదే అని సెక్షన్ 17 చెబుతుంది. అంటే మీరు వేసిన పోర్ట్రెయిట్‌ని మీరే ఆన్‌లైన్‌లో పెట్టుకోవడానికీ, ప్రింట్లు తీయడానికీ వాళ్ల ఒప్పుదల కావాలి. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే ‘కాపీరైట్ చిత్రకారుడిదే, ప్రచారానికి ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు’ అని వాట్సాప్‌లో రాసి, వాళ్ల చేత ‘సరే’ అనిపించుకోండి. గూగుల్‌లో దొరికిన ఫొటో చూసి వేసి అమ్మితే ఆ ఫొటోగ్రాఫర్ హక్కు అడ్డొస్తుంది. అరసవల్లి గుడికో, విజయనగరం కోటకో వెళ్లి మీ ఫొటో మీరే తీసుకోండి.

మీ బొమ్మ ఎవరైనా వాడుకుంటే ముందు ఆ పోస్టు స్క్రీన్‌షాట్, తేదీతో సహా, తీసుకోండి. మర్యాదగా పేరు వేయమని అడగండి. వినకపోతే ఆ యాప్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటుంది, మీ దగ్గరున్న పెద్ద సైజు ఫైలూ, స్కెచ్ దశ ఫొటోలే అప్పుడు సాక్ష్యం.

ప్రచారం పెరిగేకొద్దీ మోసగాళ్లూ వస్తారు. సైన్యంలో ఉన్నామని చెప్పి, బేరం ఆడకుండా బొమ్మ కొంటామని, డబ్బు పంపడానికి క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొడితే డబ్బు మీ ఖాతా నుంచే పోతుంది. మీ బొమ్మల్ని ఎన్‌ఎఫ్‌టీలుగా (డిజిటల్ యాజమాన్య పత్రాలుగా) లక్షలకి కొంటామని చెప్పి ముందుగా ఫీజు కట్టమంటారు. మీ ఖాతా మూసేస్తున్నామని యాప్ పేరుతో లింకు పంపి పాస్‌వర్డ్ అడుగుతారు. పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్ ఈరోజే ఆన్ చేసుకోండి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

పార్శిల్

చిన్న కాగితం బొమ్మల్ని బటర్ పేపర్‌లో చుట్టి, రెండు సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ అట్ట) ముక్కల మధ్య పెట్టి, నాలుగు అంచులూ టేపు వేసి, పైన ప్లాస్టిక్ కవర్ వేయండి. సన్‌బోర్డ్ ఫ్లెక్స్ షాపుల్లో దొరుకుతుంది, మిగులు ముక్కలు చవగ్గా ఇస్తారు. కాన్వాస్‌ని చుట్టాల్సి వస్తే రంగు బయటివైపు ఉండేలా చుట్టి, వెడల్పాటి పీవీసీ గొట్టంలో పెట్టాలి. రంగు లోపలికి ఉంటే పొర నలిగి పగుళ్లు వస్తాయి. అక్రిలిక్ బొమ్మకి బబుల్ ర్యాప్ నేరుగా తగలనివ్వకండి, మన ఎండలకి రంగు మెత్తబడి బుడగల అచ్చులు పడతాయి. అద్దం ఉన్న ఫ్రేము పంపొద్దు. ఫ్రేము తప్పదంటే అద్దం బదులు అక్రిలిక్ షీటు వేయించండి. ఊళ్లకి స్పీడ్ పోస్టు, వైజాగ్, విజయవాడ లాంటి చోట్లకి ఆర్టీసీ కార్గో అనుకూలంగా ఉంటాయి. కట్టేముందూ కట్టాకా ఫొటోలు తీసి, ట్రాకింగ్ నంబరుతో కలిపి కొన్నవాళ్లకి పంపండి.

పార్శిల్ చేరాక వారం రోజులాగి, గోడకి తగిలించిన ఫొటో ఒకటి పంపమని అడగండి. వాళ్లు ఒప్పుకుంటే ఆ ఫొటోని స్టోరీలో పెట్టి, ప్రొఫైల్‌లో హైలైట్స్‌గా దాచండి. కొత్తగా వచ్చినవాళ్లు ధర అడగబోయే ముందు తెరిచి చూసేది దాన్నే.